అత్తయ్య చూసిన వెలుగు

"వాళ్ళు పని మీద వస్తున్నారత్తయ్యా, భోజనానికి కాదు," అన్నాను, పొద్దున్నుంచి ఎన్నోసారో.

"పని మీద వచ్చినోళ్ళకి ఆకలెయ్యదేంటి?" అంది అత్తయ్య. చేతులకి నూనె రాసుకుని పనసకాయ పొట్టు కొడుతోంది. "పోయినేడు వచ్చినప్పుడు ఒట్టి కాఫీ ఇచ్చి పంపించేశాం. నాకిప్పటికీ తల కొట్టేసినట్టుంటది."

"ఆ కాఫీ దగ్గరే పని చెడిందేమోనని ఇప్పుడు అనుమానపడుతున్నారు మా ఆఫీసులో."

"మన కాఫీకేమైంది? చిక్కటి పాలతో పెట్టాను."

"కాఫీ బాగుంది. అందర్నీ కూర్చోబెట్టి ఇవ్వడమే బాగాలేదు."

"నిలబెట్టి ఇస్తారా ఎవరైనా? ఏరా త్రినాథూ, విన్నావా మీ ఆవిడ మాట?"

మా ఆయన పెరట్లో కవర్లలో ఎర్రమట్టి నింపిస్తున్నాడు. తల లోపలికి పెట్టి, "అమ్మా, నువ్వు వండేయ్. హైమా, వాళ్ళు తినకపోతే నేనున్నాను," అని వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో తీర్పులన్నీ ఇలాగే ఉంటాయి.

మాది కడియం దగ్గర నర్సరీ. అత్తవారిది. నేను విశాఖపట్నంలో, ఆకాశంలో కనబడే అర్థంకాని వెలుగుల గురించి పరిశోధించే కేంద్రంలో పనిచేస్తాను. శని, ఆదివారాలు ఇక్కడుంటాను. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు చుట్టాలందరూ నవ్వారు. కూతురు లాస్య అప్పటికి ఇంకా పాలు తాగే పిల్ల. పిల్లని అత్తయ్య తన ఒళ్ళోకి లాక్కుని, "ఆకాశం చూసే పనంట. ఎవరో ఒకరు చూడాలి గదా. నువ్వెళ్ళమ్మాయ్," అంది. ఆ ఒక్క మాట మీద నేనింతదూరం వచ్చాను.

వెలుగు మాత్రం నాకు కాదు, ఆవిడకే కనిపించింది.

పోయిన కార్తీకంలో, దీపాలు పెట్టే వేళ, గోదావరి గట్టు మీదుగా ఒక వెలుగు వచ్చి మా తోట మీద చాలాసేపు నిలబడి వెళ్ళింది. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. వీధి వీధంతా చూశామంది. విషయం మా కేంద్రానికి చేరింది. ముందు అందరూ అనుమానించింది చామంతి మళ్ళనే. త్వరగా మొగ్గ తొడగకుండా మావాళ్ళు వాటి మీద చీకటి పడ్డాక కూడా దీపాలు వేలాడదీస్తారు. కానీ ఆ సాయంత్రం ఊరంతా కరెంటు లేదు. పెళ్ళిళ్ళ డ్రోన్లు కావు, శుక్రగ్రహం కాదు, విమానం కాదు. వాంగ్మూలాలు చూసి మా డైరెక్టరు కరుణాకర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అంతమంది సాక్షులు పూసగుచ్చినట్టు ఒకే మాట చెప్పడం ఆయన సర్వీసులో చూడలేదట.

ఏడాది తర్వాత ఇప్పుడు ఆయన మా కొత్త యంత్రంతో వస్తున్నారు.

ఆయన పనసపొట్టు కూర మారడిగి తిన్నారు. అత్తయ్య నా వంక ఓ చూపు చూసింది.

భోజనాలయ్యాక హాల్లో యంత్రం పెట్టాం. పెళ్ళికొడుకు తలపాగాలాంటి టోపీ, దాని వైర్లు, ఒక తెర. ముందుగా పక్కింటి రామలక్ష్మి పిన్నిని కూర్చోబెట్టాం.

"దీంతో నా కడుపులో మాటలన్నీ తెలిసిపోవుగదా?" అంది పిన్ని, టోపీలోంచి.

"మాటలు కాదు పిన్నీ, చూపులు."

"ఈ వయసులో నాకు చూపులేంటే!" అని ఆవిడ నవ్వితే టోపీ ఊగింది.

ఏదైనా తలుచుకున్నప్పుడల్లా ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది, తడిపిన ఎర్రమట్టిలాగా. అది మళ్ళీ గట్టిపడేలోగా మా యంత్రం దాని ముద్ర తీసుకుంటుంది. ముద్ర తీసినంతమేర మట్టి మాత్రం ఇక గట్టిపడదు, రాలిపోతుంది; ఆ నాలుగు క్షణాలూ ఇక గుర్తుండవు. ఇది ముందే చెప్పాం. "పోతే పోనీ, ఆ రోజు మా ఇంట్లో చేపల పులుసు మాడిపోయింది," అని పిన్ని సంతకం చేసింది.

తెర మీద మసకగా బొమ్మ పడింది. పొగలో తీసిన ఫొటోలాగా. మా షేడ్‌నెట్ అంచు, కొబ్బరి మట్టలు, ఒక ఆడమనిషి వీపు, పైకెత్తిన చెయ్యి. పైన ఆకాశం ఖాళీగా ఉంది.

"మరి వెలుగేదమ్మా?" అన్నారు కరుణాకర్‌గారు. "గుమ్మడికాయంత, పసుప్పచ్చగా, తూర్పు నించి పడమరకి పోయిందని చెప్పారు కదా?"

"నరసాయమ్మక్క చెప్పింది కదండీ," అంది పిన్ని, అత్తయ్య వైపు చెయ్యి చూపిస్తూ.

"మీరేం చూశారు?"

"నేనొచ్చేసరికి వెళ్ళిపోయిందండి. అక్క చూపిస్తంది, నేను చూశాను."

"మరి చూశామని ఎందుకు చెప్పారు?"

పిన్ని ఆయన్ని జాలిగా చూసింది. "అక్క అలాగంటంటే, నేను కాదని ఎలాగంటానండీ? అంతమందిలో!"

తర్వాత ఇంకో నలుగురి ముద్రలు తీశాం. ఒకరికి ఆకాశంలో ఓ మరక పడింది. మిగిలినవాళ్ళందరికీ అత్తయ్య వీపే. కరుణాకర్‌గారు టోపీ పక్కన పెట్టి నవ్వడం మొదలెట్టారు, ఏడవలేక.

పోయినేడు సాక్షులందర్నీ మా అరుగు మీదే కూర్చోబెట్టాం. ఒక్కొక్కర్నీ విడివిడిగా అడగాలని మా నిబంధనల్లో ఉంది. కానీ కాఫీ వచ్చింది. కాఫీ వచ్చాక పెద్దావిడని పక్కన పెట్టి చిన్నవాళ్ళని ముందు అడగడం మర్యాద కాదు. "ముందు మీరు చెప్పండమ్మా," అన్నది కరుణాకర్‌గారే. ఆవిడ చెప్పింది. చెప్పాక మిగతావాళ్ళంతా ఔనన్నారు. పెద్దావిడ మాటకి ఎదురు చెప్పకూడదన్నది మా వీధిలో చంటిపిల్లలకీ తెలుసు. మా కేంద్రంలో కూడా అందరం అలాంటి ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళమే కాబట్టి, అందులో తప్పు అప్పట్లో మాకెవరికీ కనిపించలేదు.

"వీధంతా కాదు హైమా," అన్నారాయన. "మనకున్న సాక్షి ఒక్కరే."

ఆ ఒక్కరూ తలుపు దగ్గర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

"నన్ను కూడా కూర్చోమంటారా?" అంది అత్తయ్య.

కరుణాకర్‌గారు సూటిగానే చెప్పారు. రెండు నెలల కిందట గోదావరి మధ్యలో ఒక లంక మీద అలాంటి వెలుగే వచ్చింది. ఈసారి ఊరికే పోలేదు, కిందికి దిగింది. దోసకాయలు కోస్తున్న ముగ్గురు ఆడవాళ్ళకి చూపు పోయింది. అది మళ్ళీ రావచ్చు. దిగబోయే ముందు అది రంగు మారుతుందో, వణుకుతుందో, ఊరికే పోయేది ఎలా ఉంటుందో తెలిస్తే, లంకల్లో పనిచేసేవాళ్ళకి తల దించుకోండని ముందే చెప్పొచ్చు. మొదట్నుంచి చివరిదాకా రెప్పవెయ్యకుండా చూసింది ఈవిడే.

"నేను చెప్పాను కదండీ, మళ్ళీ చెప్తాను."

"మీరు చాలామందికి చెప్పారమ్మా. చెప్పగా చెప్పగా మాటలే మిగులుతాయి. పోయినేడు గుమ్మడికాయన్నారు, ఇందాక భోజనాల దగ్గర కలశమన్నారు. అడుగున చూపు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే ఈ చిన్న యంత్రం నాలుగు క్షణాలే తీస్తుంది. మీది తియ్యాలంటే విశాఖపట్నంలో పెద్ద యంత్రం దగ్గరికి రావాలి."

"ఎంతమటుకు పోతది?"

"వెలుగు కనిపించినప్పటి నించి, ఆ సాయంత్రం ముగిసేదాకా. అంతా ఒకే ముడి. ఆకాశాన్ని ఒక్కదాన్నే విప్పలేం."

"తర్వాత నాకు ఆ బొమ్మలో చూపిస్తారా?"

"చూపిస్తాం. కానీ ఆకాశం పడినంత బాగా మనుషులు పడరమ్మా. నీడల్లా ఉంటారు. మాటలు అసలు పడవు."

అత్తయ్య తలూపింది. మిగిలిన కూర గిన్నె మీద మూత పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆయన వైజాగ్ బయల్దేరేదాకా మళ్ళీ లోపలికి రాలేదు. ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మం దాకా సాగనంపకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

ఎందుకో నాకు తెలుసు.

ఆ ఏడాది వినాయకచవితికి మావయ్య గంగరాజుగారు, ఆవిడ పుట్టింటి నించి తెచ్చి పెంచిన సంపెంగ తల్లిచెట్టుని వేళ్ళతో సహా తవ్వించి ఎవరో పెద్ద హోటలువాళ్ళకి ఇచ్చేశారు. అడగలేదు. ఆవిడ ఊరెళ్ళి వచ్చేసరికి గొయ్యి ఉంది. ఆ రోజు నించి మాటల్లేవు. ఒకే గదిలో, ఒకే పందిట్లో, చేతికందేంత దూరంలో కూర్చుని, మధ్యలో నన్ను నిలబెట్టుకుని మాట్లాడుకునేవారు. "అమ్మాయ్, మీ మావయ్యకి అన్నం చల్లారిపోతందని చెప్పు." "అమ్మాయ్, నాకు ఆకలిగా లేదని మీ అత్తయ్యకి చెప్పు." నేను శనివారం వచ్చేసరికి వారమంతా దాచుకున్న కబుర్లు నా కోసం ఎదురుచూస్తూ ఉండేవి. లాస్య దాన్ని తాతయ్య-నాన్నమ్మ పోస్టాఫీసు అనేది.

ఆ కార్తీక సాయంత్రం వెలుగు వచ్చినప్పుడు మావయ్య గభాల్న తలెత్తి, "ఏయ్, చూశావా!" అన్నారు. నాతో కాదు. ఆవిడతో.

ఆవిడ చూసింది. వెలుగు వెళ్ళిపోయాక, వీధిలో జనం వచ్చి పోయాక, ఇద్దరూ బోర్లించిన కుండీల మీద కూర్చుని, అన్నాలవేళ దాకా మాట్లాడుకున్నారు. ఆ నెల తిరక్కుండానే మావయ్య గుండె ఆగిపోయి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న అత్తయ్య జామ అంట్లు కడుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. కొమ్మని చీల్చి, చివురు దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పళ్ళతో తెంపి, ముడి వేస్తోంది.

"మీరు రానక్కర్లేదత్తయ్యా," అన్నాను. "నేను రాసేస్తాను. సాక్షి ఒప్పుకోలేదని. చాలామంది ఒప్పుకోరు."

"నేనొప్పుకోలేదని ఎవరన్నారు?"

"మరి?"

ఆవిడ ఇంకో కొమ్మ తీసుకుంది. "అలక గుర్తుంటదా నాకు, ఆ టోపీ పెట్టాక?"

"ఉంటుంది. అది వేరే రోజులు కదా."

"గొయ్యి గుర్తుంటది. మాట్లాడకుండా ఉన్న రోజులన్నీ గుర్తుంటయ్యి. ఆయన పోయిన రోజూ గుర్తుంటది. మజ్జిలో ఆ సాయంత్రం ఒక్కటీ ఉండదు. అంతేనా?"

నేను తలూపాను.

"అంటే నాతో మాట్లాడకుండానే పోయినట్టుంటది నాకు," అంది అత్తయ్య. "ఆయ్. అదీ సంగతి."

చేతిలో అంటుకి ముడి వేసి పక్కన పెట్టింది. తర్వాత ఆవిడే, "ఆ కళ్ళు పోయినావిడలు ఎక్కడుంటారన్నావ్?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నమే పడవ దాటి లంకకి వెళ్ళాం. వట్టి చేతులతో వెళ్ళడం ఆవిడ వల్ల కాదు కాబట్టి ఒక మొక్క పట్టుకుంది. నేను కనకాంబరం తియ్యబోతే, "అదెందుకు? మల్లె తియ్యి. వాసనైనా తెలుస్తది," అంది.

చూపు పోయిన ముగ్గురిలో ఒకావిడ నూకరత్నం; నలభై ఏళ్ళుంటాయేమో. పాక ముందు నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. లోపల్నించి మొగుడు ఏదో అడిగితే, "ఉట్టి మీద ఉంది, కళ్ళు లేవా నీకు?" అని అరిచి, తన మాటకి తనే పకపకా నవ్వింది.

మేం ఎవరమో చెప్పగానే చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"మీరు చూశారంటండీ? మొత్తం?"

"చూశానమ్మా."

"ఎలాగుంది? నాకు తెల్లగా ఒక్కసారి కొట్టినట్టయింది, అంతే. అంత పెద్దది నా మీదకొచ్చింది గానీ, దాన్ని నేను చూడనే లేదు. మా ఆయన్నడిగితే, నేనటు తిరిగున్నానంటాడు. ఆ మనిషెప్పుడూ అటే తిరిగుంటాడు. మీరు చెప్పండమ్మా."

అత్తయ్య చెప్పింది. గుమ్మడికాయ అనలేదు, కలశం అనలేదు. "నాకేమనాలో తెలవట్లేదమ్మా. చెప్పినకొద్దీ వేరేలా అయిపోతంది. ఇంతకీ బాగుంది. చాలా బాగుంది. నాకు మేలు చేసింది," అంది.

"పోన్లెండి, ఒకళ్ళకైనా మేలు చేసింది," అంది నూకరత్నం. అందులో ఎత్తిపొడుపు లేదు.

"ఎలా నెట్టుకొస్తన్నావమ్మా మరి?"

"ఏముందండీ, చెప్పేవాళ్ళున్నారు. పొద్దున్నే మా తోటికోడలు వచ్చి, ఏటిగట్టున ఏముందో చెప్తది. తర్వాత మా ఆయన చెప్తాడు. ఆవిడ చెప్పిందానికీ ఈయన చెప్పిందానికీ పొంతనుండదు. ఆవిడకి కనబడేది ఈయనకి కనబడదు. రెండూ కలిపితే నాకు కళ్ళున్నప్పటికంటే ఎక్కువే తెలుస్తందండీ." మల్లెమొక్క ఆకుల్ని వేళ్ళతో తడిమింది. "మా పిల్లలు దోసపాదుల్లోకి వెళ్తానంటే మాత్రం గుండె దడగా ఉంటది. అది మళ్ళీ ఎప్పుడు దిగుద్దో అని. పైకి చూడకండ్రా అంటే, పిల్లలు వింటారా? పైకే చూస్తారు."

పడవలో తిరిగొస్తున్నప్పుడు అత్తయ్య లంక వైపే చూస్తూ కూర్చుంది. రేవు దగ్గర దిగుతూ, "పై ఆదివారం పద్మజని రమ్మను," అని మాత్రం అంది. పద్మజ నా ఆడపడుచు, రాజమండ్రిలో ఉంటుంది.

వారమంతా విశాఖపట్నంలో నాకు పని సాగలేదు. కరుణాకర్‌గారు ఏమీ అడగలేదు. ఒకరోజు మాత్రం లంకల మీద కొత్తగా వచ్చిన ఒక వాంగ్మూలం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. దూరంగా, మసకగా, దిగకుండా పోయిన వెలుగు. అది చదివి పెద్ద యంత్రం ఉన్న గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. దాన్ని తయారుచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ కుర్చీలో ఎవరెవరినో కూర్చోబెట్టాం, వాళ్ళు లేచి థాంక్సని వెళ్ళిపోయారు. వాళ్ళ సాయంత్రాల్లో ఏముందో నేనెప్పుడైనా అడిగానా అని ఆ రోజే మొదటిసారి అనిపించింది.

ఆదివారం అందరం నడవలో భోజనాలకి కూర్చున్నాం. పద్మజ వచ్చింది. అత్తయ్య అన్నం వడ్డించి, పప్పు వేసి, తను కూడా పీట వాల్చుకుని కూర్చుంది. మామూలుగా అందరూ తిన్నాక గానీ కూర్చోదు.

"మీ నాన్న నాతో మాట్లాడిన సాయంత్రం," అంది. "ఎవరేం చూశారో చెప్పండి. ముందు చిన్నోళ్ళు. నేను చెప్పిన మాట చెప్పకండి. నేను చెప్పినదానికి ఔననకండి."

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు త్రినాథ్. అతనికి విషయం నేను చెప్పాను. అప్పట్నించీ అతని మొహం బాగాలేదు. "ఆ మిషన్ సంగతైతే నాకిష్టం లేదు. కావాలంటే వాళ్ళు ఇంకొకర్ని వెతుక్కుంటారు."

"నీ వంతు వచ్చినప్పుడు చెబుదువు గాని. లాస్యా, నువ్వు చెప్పు."

లాస్య నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"తాతయ్య నీకు చెప్పులు తెచ్చాడు నాన్నమ్మా," అంది లాస్య. "నువ్వు వట్టి కాళ్ళతో మళ్ళలో నిలబడి పైకి చూస్తున్నావు. తేళ్ళుంటాయని గొణుక్కుంటూ గుమ్మం దగ్గరికొచ్చి తీసుకెళ్ళాడు. వంగి నీ కాళ్ళ దగ్గర పెట్టాడు. నువ్వు చూసుకోకుండానే తొడుక్కున్నావు."

అత్తయ్య చేతిలో ముద్ద ఆగింది. "చెప్పులా?"

"అవును. కుడిదీ ఎడమదీ తారుమారుగా పెట్టాడు. నువ్వలాగే తొడుక్కున్నావు."

త్రినాథ్ విస్తట్లో అన్నం ఓ పక్కకి నెట్టాడు. తర్వాత, "నేను మోటారు షెడ్డులో ఉన్నాను. మీ మాటలు వినబడ్డాయి," అన్నాడు. "అది బంతి రంగని నువ్వు, చామంతి రంగని ఆయన. ఒకటే వాదన. మళ్ళీ మొదలైందిరా బాబూ అనుకున్నాను. కాసేపటికి నాన్న, సరే బంతే అన్నాడు. ఆయన ఒకరి మాట ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. షెడ్డులోంచి తొంగి చూశాను కూడా, మనిషి ఆయనేనా అని."

నా వంతు వచ్చింది. నేను వంటింటి కిటికీలోంచి చూసింది ఆకాశాన్ని కాదు, వాళ్ళిద్దర్నే. "మీరు కూర్చోబోయే కుండీని మావయ్య భుజం మీది తువ్వాలుతో తుడిచారత్తయ్యా. మీరు అటు తిరిగి ఉన్నారు. తుడిచి, సరిగ్గా ఉందో లేదో చేత్తో ఊపి చూసి, అప్పుడు మీ వెనక పెట్టారు. తన కుండీ తుడుచుకోలేదు."

అత్తయ్య పద్మజ వైపు తిరిగింది.

"నేను అక్కడ లేనుగా," అంది పద్మజ. "నేనేం చెప్పను?" అన్నం కెలికింది. మళ్ళీ తనే, "నాన్న ఫోన్ చేశాడమ్మా ఆ రోజు. ఎప్పుడైనా నువ్వు కలిపిస్తేనే కదా ఆయన మాట్లాడేది. తనంతట తను చేసేసరికి నాకు భయమేసింది. ఏమైంది నాన్నా అంటే, ఏం లేదే, మీ అమ్మ మాట్లాడింది అన్నాడు. అంతే, పెట్టేశాడు. ఇదేం వార్త అనుకుని నీకెప్పుడూ చెప్పలేదు," అంది.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కానీ ఆవిడ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"తారుమారు చెప్పులేసుకుని నిలబడ్డానా నేను, అంతసేపూ!" అంది. కళ్ళు తుడుచుకుంది. "ఇయ్యేమీ నాకు తెలవదు. నేను ఆకాశంకేసే చూస్తన్నాను. ఇంతమంది చూశారు నన్ను."

తర్వాత అందరికీ మజ్జిగ పోసింది. చివరగా త్రినాథ్ విస్తట్లో పోస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఆ వెలుగు నా గుమ్మంలో నిలబడి మీ నాన్న చేత నన్ను పలకరింపించింది. దానికి నేను రుణపడి ఉన్నాను. ఆ రుణం ఆ లంక పిల్లలకి తీర్చాలి. రేపు నేను అమ్మాయితో విశాఖపట్నం వెళ్తన్నాను. వచ్చాక ఆ సాయంత్రం ఏం జరిగిందని అడుగుతాను. ఇలాగే, ఎవరు చూసింది వాళ్ళు చెప్పండి."